దయ్యం కథకి దుబాసీ

మొన్న శనివారం మధ్యాహ్నం మా పేటలో హాలోవీన్ సంబరం జరిగింది. పార్కింగ్ లాట్‌లో కార్లు వరసగా నిలబెట్టి, డిక్కీలు తెరిచి, వాటికి సాలెగూళ్ళూ పుర్రెలూ వేలాడదీసి పిల్లలకి చాక్లెట్లు పంచారు. ఒక డిక్కీలో ప్లాస్టిక్ సమాధి, దాని పక్క డిక్కీలో మిరపకాయ బజ్జీలు. పేటలో సగం మంది తెలుగువాళ్ళే కనక బజ్జీల దగ్గరే జనం ఎక్కువ.

గుమ్మడికాయలు పెట్టిన బల్ల దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. విజిటర్ వీసా మీద కొత్తగా వచ్చినట్టుంది. ఒక కాయని గోటితో గిచ్చి చూస్తోంది. పక్కన అస్థిపంజరం డ్రెస్సులో మనవరాలు, పదేళ్ళుంటాయేమో.

"ఇది లేతదో ముదురుదో అడగవే. పులుసులోకి ముదురుదే బావుంటుంది, లేతదైతే నీళ్ళోడుతుంది. సగం కోసిస్తాడేమో కూడా అడుగు," అంది ఆవిడ.

ఆ పిల్ల బల్ల వెనక ఉన్నాయన వైపు తిరిగి, ఇంగ్లీషులో "మా నానమ్మకి ఇది నచ్చిందట" అని ఊరుకుంది.

విన్నవాళ్ళందరం నవ్వాం. కాని నా నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ వయసులో నేనూ ఒకసారి దుబాసీ పని చేశాను, ఇలాంటి హాలోవీన్ వారాంతంలోనే. ఆ రోజు నేను చేసినదేవిటో ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇందులో ఎవరి పేర్లూ రాయను. నా పేరు కూడా.

అప్పట్లో మేము ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. పొలిమేరలో బోర్డు మీద సిటీ అనే రాసి ఉండేది కాని, ఈ చివర నించి ఆ చివరకి నేను సైకిలు మీద వెళ్ళి రాగలిగేదాన్ని. నాన్న అక్కడి గాజు ఫ్యాక్టరీలో ఇంజనీరు. గాలి నది వైపు నించి వీస్తే ఊరంతా కొలిమి పొగ వాసన, ఇటు నించి వీస్తే మొక్కజొన్న కోసేసిన పొలాల వాసన. తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. అమ్మ నాతో తెలుగులో మాట్లాడితే నేను ఇంగ్లీషులో జవాబు చెప్పేదాన్ని. ఎప్పుడైనా తెలుగులో చెప్పబోతే మాట కుంటుకుంటూ వచ్చేది. ఇండియా నించి ఫోను వస్తే అమ్మమ్మతో "నువ్వు బాగున్నారా?" అనేదాన్ని. అమ్మమ్మ అంత దూరంలోనూ పడీ పడీ నవ్వేది. ఫోను పట్టుకున్న అమ్మ మాత్రం నవ్వేది కాదు.

అయినా అమ్మ నాది. ఇంట్లో ఇంకో పిల్ల లేదు. పక్కింటి వాళ్ళతో అమ్మకి వాతావరణం గురించి తప్ప మాటలుండేవి కావు. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వాళ్ళ ఊరి కబుర్లన్నీ నాకే చెప్పేది. సగం అర్థమయ్యేవి, సగం అయ్యేవి కావు. అర్థం కాకపోయినా పక్కన కూచునేదాన్ని.

ఆ ఊరికి ఏడాది మొత్తానికి పెద్ద పండగ హాలోవీనే. మూడు రోజులు చేసేవారు. శుక్రవారం సాయంత్రం లైబ్రరీలో పిల్లల దయ్యం కథల పోటీ. శనివారం పొద్దున్న హైస్కూలు బ్యాండు ముందు నడుస్తుంటే వేషాలు వేసుకున్న పిల్లలంతా మెయిన్ స్ట్రీట్‌లో ఊరేగింపు. దుకాణాల వాళ్ళు గుమ్మాల్లో నిలబడి దోసిళ్ళతో మిఠాయిలు పోసేవారు. చర్చి కింది గదిలో దాల్చినచెక్క వేసి కాచిన ఆపిల్ రసం, వేడి వేడి డోనట్లు. ఆదివారం ఐదు గంటలకి ఫైర్ స్టేషన్ సైరన్ మోగేది. అది మోగాకే పిల్లలు మిఠాయిల కోసం ఇళ్ళ మీద పడాలి. మళ్ళీ ఏడింటికి మోగితే ఇళ్ళకి వెళ్ళిపోవాలి. ఆ రెండు గంటలూ దిండు గలీబులు భుజాన వేసుకుని పరిగెత్తేవాళ్ళం. ముసలమ్మలు ఇంట్లో పాకం పట్టి చేసిన పాప్‌కార్న్ ఉండలు మైనపు కాగితంలో చుట్టి ఇచ్చేవారు. ఇప్పుడెవరూ ఇవ్వరు, ఇచ్చినా తల్లులు తిననివ్వరు. అట్టలాంటి ప్లాస్టిక్ మాస్కుకి వెనకాల సన్నటి రబ్బరు తాడు. లోపల ఊపిరి ఆవిరై గడ్డం మీద నించి కారేది. ఆ ప్లాస్టిక్ వాసన ఇప్పటికీ ముక్కుకి తెలుసు.

గుమ్మడికాయకి కళ్ళూ పళ్ళూ చెక్కి, లోపల కొవ్వొత్తి వెలిగించి గుమ్మంలో పెట్టడం అమ్మకి మొదట్లో వింతగా ఉండేదట. "ఇది మన దిష్టి గుమ్మడికాయే కదా, దీనికి పళ్ళు పెట్టారు వీళ్ళు" అనేది. ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదని, నాన్న ఫ్యాక్టరీకి వెళ్ళేముందు బూట్లు వేసుకుంటుంటే కాయ తెచ్చి ముందు పెట్టేది. నాన్న ఒక కత్తిగాటు పెట్టి వెళ్ళేవాడు. మిగతాది మేమిద్దరం. లోపల గీకిన గుజ్జంతా అమ్మ దప్పళంలో వేసేది. ఆ ఊళ్ళో బెల్లం దొరకదు, బ్రౌన్ షుగర్ వేసేది. చాలా ఏళ్ళ వరకూ హాలోవీన్ అంటే చింతపండు వాసన కూడా వేసే పండగనే అనుకున్నాను.

నా తొమ్మిదో ఏట, సెప్టెంబరులో, ఆ ఊరికి రెండో తెలుగు కుటుంబం వచ్చింది. ఆయన ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆవిడ అదే ఆసుపత్రి ల్యాబ్‌లో పని. వాళ్ళకి ఒక్కతే కూతురు, నాకన్నా ఏడాది చిన్నది. వాళ్ళిద్దరూ అమెరికాలో చదువులూ ట్రైనింగులూ అంటూ తిరుగుతున్నన్నాళ్ళూ ఆ పిల్లని రెండేళ్ళప్పటి నించీ పెద్దాపురంలో నాయనమ్మ దగ్గరే ఉంచేశారు. ఆ వేసవిలో నాయనమ్మ చనిపోతే ఇక తెచ్చుకున్నారు. ఆంటీ డ్యూటీ అయ్యేసరికి ఆరు దాటుతుంది. అందుకని స్కూలయ్యాక ఆ పిల్ల మా ఇంట్లో ఉండేట్టు మాట్లాడుకున్నారు.

మొదటి రోజు నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలతో గుమ్మంలో నిలబడింది. చేతులు జోడించి, "నమస్కారం పెద్దమ్మా" అంది.

"ఇక్కడ ఆంటీ అనాలమ్మా" అంది వాళ్ళమ్మ, కాస్త సిగ్గుపడుతూ.

"అననీండి. పెద్దమ్మ అనే అననీండి," అంది అమ్మ. అని, ఏదో పనున్నట్టు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళిన నాకు అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. నేను పుట్టాక ఆ ఊళ్ళో అమ్మని అలా వరస పెట్టి పిలిచినవాళ్ళు లేరు.

నా కుళ్ళు ఆ క్షణంలోనే మొదలైంది.

ఆ పిల్ల మాట్లాడే తెలుగు అచ్చం మా అమ్మ ఊరి తెలుగు. సామెతలు వచ్చు. పొడుపు కథలు వచ్చు. "పెద్దమ్మా, పోపులో ఇంగువ మర్చిపోయావు, వాసన రావట్లేదు," అనేది ముసలమ్మలా. అమ్మ పకపకా నవ్వేది. అమ్మకి అలా నవ్వడం వచ్చని నాకప్పటి దాకా తెలియదు. నాకు స్పూను ఇచ్చి, ఆ పిల్లకి ముద్దలు కలిపి పెట్టేది. "నాకూ" అంటే, "నువ్వు చేత్తో తినిపిస్తే వద్దన్నావు కదే పోయినేడు," అనేది. నిజమే. అన్నాను. అప్పుడు ఆ ముద్దలకి పోటీగా ఇంకెవరూ లేరు కనక వద్దన్నాను.

ఒకరోజు స్కూలు నించి రాగానే ఆ పిల్ల, "పెద్దమ్మా, నా పులిహోర చూసి పిల్లలంతా యక్ అన్నారు. యక్ అంటే ఏవిటి?" అని అడిగింది.

అమ్మ తడుముకుంది. "ఏదో... కొత్తగా ఉందని అయ్యుంటుందిలే."

నేను హోంవర్కులోంచి తలెత్తకుండా, నాకొచ్చిన తెలుగులో, "కాదు. ఛీ అని," అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. డబ్బా తీసుకెళ్ళి సింకులో కడిగి బోర్లించింది.

దాని మీద నేను చేసిన అల్లర్లు ఇన్నీ అన్నీ కావు. రిబ్బను సోఫా కింద దాచాను. ఈ దేశంలో ఎవరేమిచ్చినా "నో థాంక్యూ" అనడం మర్యాద అని నేర్పాను. ఒక శనివారం చెప్పుల దుకాణంలో ముసలాయన లాలీపాప్ ఇవ్వబోతే బుద్ధిగా నో థాంక్యూ అంది. నేను నాది తీసుకుని చప్పరిస్తూ సంతోషించాను. ఆయనేమో, ఇంత మంచి పిల్లని చూడలేదని మెచ్చుకుని దానికి రెండు ఇచ్చాడు.

అక్టోబరు చివరికి వేషాల సంగతి వచ్చింది. నాకు దుకాణంలో మంత్రగత్తె డ్రెస్సు కొన్నారు. ఆ పిల్లకి ఏం వెయ్యాలని ఆలోచించి, అమ్మ ట్రంకు పెట్టె తీసి ఆకుపచ్చ పట్టు పరికిణీ బయటికి తీసింది. ఎర్రంచు. అమ్మమ్మ నా కోసం కుట్టించి పంపింది. ఏడాది కిందట "ఇది వేసుకుంటే అందరూ నవ్వుతారు, వేసుకోను" అని దాన్ని నేలకేసి కొట్టాను. అది ఆ పిల్లకి సరిగ్గా సరిపోయింది. అద్దం ముందు గిర్రున తిరిగితే పరికిణీ గొడుగులా విచ్చుకుంది.

"అది నాది" అన్నాను.

"నీదే. నువ్వు వేసుకుంటావా మరి?" అంది అమ్మ.

వేసుకుంటానని అంటే సరిపోయేది. నోరు రాలేదు.

శుక్రవారం లైబ్రరీకి వెళ్ళాం. కథల పోటీలో పోయినేడు నాకే మొదటి ప్రైజు. ఈసారి తల లేని గుర్రం కథ ఒకటి రెండు వారాలు అద్దం ముందు చెప్పి చెప్పి తయారైపోయాను. లైబ్రేరియన్ పొడుగాటి మనిషి, కళ్ళద్దాలు గొలుసుతో మెడలో వేలాడుతుండేవి. నన్నెప్పుడూ "మా కథల పిల్ల" అనేది. ఆ రోజు ఆవిడ కళ్ళు పరికిణీ మీద పడ్డాయి. వంగి, ఆ పిల్లకి కథ వచ్చా అని అమ్మనడిగింది.

"ఒకటి వచ్చు పెద్దమ్మా. నిజంగా జరిగింది," అంది ఆ పిల్ల.

ఇంగ్లీషు రాదని అమ్మ చెప్పింది. ఐతేనేం, వాళ్ళ భాషలోనే చెప్పనీ, మన కథల పిల్ల ఇంగ్లీషులో చెప్తుంది, ఎంత బావుంటుందో అని లైబ్రేరియన్ చప్పట్లు కొట్టింది.

"మరి నా గుర్రం?" అన్నాను.

"నీకు పోయినేడు వచ్చింది కదమ్మా. ఇవాళ చెల్లికి సాయం చెయ్యి," అంది అమ్మ.

చెల్లి అట.

నలభై యాభై మంది ఉంటారు. పిల్లలు కార్పెట్టు మీద, పెద్దవాళ్ళు మడత కుర్చీల్లో, అమ్మ చిట్టచివర గోడ దగ్గర. గదంతా కొవ్వొత్తి సెగకి మాడిన గుమ్మడి మూత వాసన. మా ఇద్దరినీ చిన్న బల్ల మీద నిలబెట్టారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"మా నాయనమ్మ పోయింది. పదోరోజు కాలవ గట్టు మీద పిండం పెట్టారు. కాకులు చెట్టు మీదే కూచున్నాయి. ఒక్కటీ దిగలేదు."

పిండం అంటే నాకు నిజంగానే సరిగ్గా తెలియదు. అన్నం ముద్దల్లాంటివని మాత్రం తెలుసు. అడగొచ్చు. అడగలేదు. అందరి కళ్ళూ పరికిణీ మీదే ఉన్నాయి.

"వాళ్ళ నాయనమ్మ చచ్చిపోయింది," అన్నాను ఇంగ్లీషులో. "ఆవిడని ఉండలు చేసి పిట్టలకి పెట్టారు. పిట్టలు వాసన చూసి యక్ అన్నాయి."

గది ఘొల్లుమంది. పిల్లలు కార్పెట్టు మీద దొర్లారు. ఆ నవ్వు నా ఒంట్లోకి వేడి ఆపిల్ రసంలా దిగింది.

ఆ పిల్ల ఆగింది. జనం వైపు చూసి, నా వైపు చూసింది. "సరిగ్గానే చెప్తున్నావా అక్కా?" అంది మెల్లిగా.

"ఊఁ. చెప్పు."

"నాయనమ్మకి ఏదో కోరిక ఉండిపోయిందన్నారు. బాబాయి, పొలం అమ్మనని మాటిచ్చాడు. కాకి రాలేదు. అత్త, రోజూ దీపం పెడతానంది. రాలేదు. మధ్యాహ్నం దాటిపోయింది. అప్పుడు నేనెళ్ళి దణ్ణం పెట్టి, నాయనమ్మా, నేను అమెరికా వెళ్తాను, అక్కడ ఏడవను, నువ్వు తిను, అన్నాను. అప్పుడొక కాకి దిగి తింది."

ఇందులో ప్రతి మాటా నాకు అర్థమైంది. ఏడవను అన్న మాట మరీను. ఆ పిల్ల మా ఇంటికి వచ్చిన రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఎందుకు ఏడవలేదో, రిబ్బను పోయినప్పుడూ, డబ్బా కడిగినప్పుడూ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. జనం నా నోటి వైపు చూస్తున్నారు. నేను నిజం చెప్తే వాళ్ళు ఆ పిల్ల కోసం కన్నీళ్ళు పెట్టుకుంటారు. లైబ్రేరియన్ దగ్గరికి తీసుకుంటుంది. అమ్మ ఇంకెప్పటికీ దాన్ని వదలదు. ఇదంతా ఒక్క గుక్క ఊపిరిలో లెక్క వేసుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత లెక్క వస్తుందా అంటే, వస్తుంది.

"అప్పుడు ఈ అమ్మాయి వెళ్ళి, నోరు మూసుకుని తినండి అని పిట్టల్ని తిట్టింది," అన్నాను. "తిన్నాయి. కథ అయిపోయింది."

చప్పట్లు మోగిపోయాయి. అందరికన్నా ఎక్కువ నవ్వించిన కథ అని ఆ పిల్ల గుండెల మీద నారింజ రంగు రిబ్బను గుచ్చారు. అది నిటారుగా నిలబడి గుచ్చించుకుంది. చివర గోడ దగ్గర అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ గదిలో రెండు భాషలూ తెలిసింది మా ఇద్దరికే.

అమ్మ కారు వాళ్ళింటి ముందు ఆపి, నన్ను కారులోనే కూచోమని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది. వంటింటి కిటికీకి తెర లేదు. అమ్మ ఏదో చెప్తోంది. ఆంటీ ఇంకా ఆసుపత్రి కోటుతోనే ఉంది. వింటూ వింటూ ఆంటీ అక్కడే నేల మీద కూలబడి కూతుర్ని రెండు చేతులా పట్టుకుంది. ఆ పిల్ల కట్టెలా నిలబడింది. చాలాసేపటికి ఒక చెయ్యి తీసి తల్లి తల మీద పెట్టింది, పెద్దవాళ్ళు పిల్లల్ని నిమిరినట్టు.

ఇంటికొచ్చాక అమ్మ మేడమెట్ల మీద కూచుని నన్ను ఎదురుగా నిలబెట్టింది.

"ఎందుకలా చెప్పావు?"

"నాకు అర్థం కాలేదమ్మా," అన్నాను. "టూ ఫాస్ట్ చెప్పింది తను. నా తెలుగు గుడ్ కాదు కదా."

కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. అమ్మ నా మొహంలోకి చూసి, తల దించుకుంది.

"తప్పు నాదే. పరాయి ఊళ్ళో పిల్ల తన భాష తనే నేర్చుకుంటుందనుకున్నాను. నేను కూచోబెట్టి నేర్పలేదు," అంది.

ఆ అబద్ధం అంత బాగా పనిచేస్తుందని నేననుకోలేదు.

మర్నాడు ఊరేగింపు. ఆంటీ సెలవు పెట్టి, అంకుల్‌ని కూడా లాక్కొచ్చి, కూతురి రెండు చేతులూ చెరొకరు పట్టుకుని మెయిన్ స్ట్రీట్ పొడుగునా నడిచారు. బ్యాండు మోత, ఎండకి మెరుస్తున్న ఆకుపచ్చ పట్టు. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి చూశారు. ఊరి పేపరు వాళ్ళు ఫోటో తీసుకున్నారు. నేను వెనకాల మంత్రగత్తె మాస్కులో ఏడుస్తూ నడిచాను. ఆ మాస్కు మంచితనం ఒకటే, లోపల ఏం కారుతోందో ఎవరికీ తెలియదు. ఎందుకేడ్చానంటే పశ్చాత్తాపంతో అని రాయాలనే ఉంది. కాదు. ఆ ఫోటోలో నా పరికిణీ ఉంది, నేను లేను. అందుకు.

ఆ మధ్యాహ్నమే అమ్మ రూళ్ళ పుస్తకం ఒకటి తీసి భోజనాల బల్ల మీద పరిచింది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని అ రాయించింది. "రోజూ ఒక గంట. నేను, నువ్వు, అంతే," అంది. నూనె, గుమ్మడి గుజ్జు, సబ్బు కలిసిన అమ్మ చేతి వాసన. అంత దగ్గరగా అమ్మ నాతో కూచుని ఎన్నాళ్ళైందో. నాక్కావలసింది నాకొచ్చింది.

ఆదివారం ఐదింటికి సైరన్ మోగింది. ఇద్దరం దిండు గలీబులతో బయల్దేరాం. నాలుగిళ్ళు తిరిగాం. ఐదో ఇంటి మెట్ల మీద ఆ పిల్ల ఆగింది.

"అక్కా, యక్ అంటే నాకు తెలుసు. నువ్వే చెప్పావు," అంది.

నేను దిండు గలీబు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"నాకు ఏడుపొచ్చింది. ఆపుకున్నాను. ఏడవకూడదు కదా నేను." పరికిణీ అంచుకి అంటుకున్న ఎండుటాకు తీసి పారేసింది. "నీకు అర్థమయ్యే అలా చెప్పావని పెద్దమ్మకి చెప్పన్లే. బాధపడుద్ది."

అని, మెట్లెక్కి బెల్లు కొట్టింది. తలుపు తీసిన ముసలావిడ ఇద్దరికీ చెరో పాప్‌కార్న్ ఉండ ఇచ్చింది. క్షమించు అనడానికి ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య నలభై అడుగుల దూరం ఉంది. నేను అనలేదు. తను ఎవరికీ చెప్పదని తెలిసి గుండె తేలికపడింది, మరుక్షణం దానికీ కుళ్ళుకున్నాను. నాకన్నా ఏడాది చిన్నది, నా మీద చాడీ చెప్పే అవకాశం చేతిలో ఉంచుకుని చెప్పకుండా ఉండగలదు. అదే నేనైతే మొదటి ఇంటి దగ్గరే చెప్పేదాన్ని.

ఆ తర్వాతి వారం నించి ఆ పిల్ల మా ఇంటికి రాలేదు. ఆంటీ పొద్దున్న డ్యూటీకి మార్చుకుని, మూడున్నరకల్లా ఇంటి దగ్గర ఉండేది. సాయంత్రాలు ఇల్లు మళ్ళీ మా ఇద్దరిదే అయింది. కాని స్కూలు బస్సు మలుపు తిరిగే చప్పుడుకి అమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళేది. నేను దిగేదాన్ని. అమ్మ నవ్వి తలుపు తీసేది. తీస్తూ తీస్తూ నా వెనకాల కూడా ఒకసారి చూసేది.

మరుసటి వేసవిలో వాళ్ళు న్యూజెర్సీ, ఐసెలిన్ దగ్గరికి మారిపోయారు. అక్కడ మనవాళ్ళ దుకాణాలున్నాయని, బెల్లం కూడా దొరుకుతుందని ఆంటీ సంబరపడింది. బయల్దేరే రోజు కారెక్కబోతూ ఆ పిల్ల వెనక్కి పరిగెత్తుకొచ్చి అమ్మ చీరలో మొహం దాచుకుని, ఊరంతా వినబడేలా ఏడ్చింది. మాట తప్పి ఏడ్చింది. అమ్మ దాని వీపు నిమురుతూ, "ఏడువమ్మా, ఏడువు. ఏమీ కాదు," అంటూ తనూ ఏడ్చింది. నేను పక్కన నిలబడి, నా కోసం అమ్మ ఎప్పుడైనా అలా ఏడ్చిందా అని ఆలోచించుకున్నాను.

రోజూ ఒక గంట చదువు ఆగలేదు. గుణింతాలయ్యాక వత్తులు, వత్తులయ్యాక అమ్మ చెప్తుంటే ఉత్తరాలు, ఆ తర్వాత పుస్తకాలు. ఏ ఊరు మారినా, కాలేజీకి వెళ్ళినా మానలేదు. అందరూ భాష మీద ప్రేమంటారు. నాకు తెలుగు ప్రేమతో రాలేదు. ఒక పిల్ల నాలుక మీద ఉన్నదాన్ని చూసి ఓర్వలేక వచ్చింది. ఆ ఊళ్ళో గాజు ఫ్యాక్టరీ మూతపడింది. లైబ్రరీ బైపాస్ రోడ్డు మీదికి మారిందట. మెయిన్ స్ట్రీట్‌లో దుకాణాలు చాలా వరకు ఖాళీ అని, సైరన్ మాత్రం ఇంకా మోగుతుందని ఎవరో చెప్పారు.

మొన్న శనివారం పార్కింగ్ లాట్ నించి ఇంటికొచ్చేసరికి అమ్మ ఫోన్లో ఉంది. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. న్యూజెర్సీ నించి ఆ పిల్ల, పిల్లేమిటి, ఇద్దరు పిల్లల తల్లి, వారానికోసారి చేస్తుంది. ఎప్పుడూ "పెద్దమ్మా" అనే. నేను ఎప్పుడూ రెండు ముక్కలు మాట్లాడి అమ్మకి ఇచ్చేస్తాను. ఆ రోజు ఫోను అడిగి తీసుకుని, పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. లైబ్రరీ సంగతి మొత్తం చెప్పాను. అర్థం కాలేదన్నది అబద్ధమనీ, ప్రతి మాటా అర్థమైందనీ, చెప్పలేక చెప్పలేక చెప్పాను.



"అక్కా, సీరియస్‌గానా? నాకస్సలు గుర్తు లేదు," అంది. "మీ ఇంటి వెనక ఉయ్యాల గుర్తుంది. మీ డాడీ ఈల వేస్తూ కార్ కడిగేవారు, అది గుర్తుంది. యు వర్ సో స్వీట్ టు మీ అక్కా. ఇంగ్లీష్ అంతా నువ్వే కదా నేర్పించింది."

"కాకి సంగతి?"

"కాకి మ్యాటర్ మమ్మీ చెప్పింది తర్వాత. స్టేజ్ మీద నేను చెప్పానా? నిజంగా?" నవ్వింది. ఆ నవ్వులో దాపరికం కోసం చెవి రిక్కించి విన్నాను. ఏమీ లేదు. "వదిలెయ్యక్కా, చిన్నపిల్లలం. ఒకసారి పెద్దమ్మకి ఇస్తావా? వంకాయ కూరలో కారం ఎప్పుడెయ్యాలో చెప్తోంది, మధ్యలో ఆగింది. స్టవ్ మీద ఉంది."

ఫోను తీసుకెళ్ళి అమ్మకిచ్చాను. "ఏమిటే అంతసేపు?" అంది అమ్మ. ఏమీ లేదన్నాను. అమ్మ కుర్చీలో వెనక్కి వాలి, మంట తగ్గించమని చెప్పడం మొదలుపెట్టింది.

ముప్ఫై ఏళ్ళకి పైగా నేను మోస్తున్నది ఆమెకి గుర్తే లేదు. ఆ పరికిణీ, ఆ నవ్వు, అమ్మ ఒడి, అన్నీ ఆమెకే దక్కాయనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మరుపు కూడా ఆమెకే దక్కింది. ఈ వయసులో సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, దానికీ కుళ్ళుగానే ఉంది.